సున్నాల క్లాసు

“రెండు నిమిషాల పని,” అంటూ ఆయన సంచిలోంచి కట్ట తీసి భోజనాల బల్ల మీద పెట్టారు. అప్పుడు నేను బీన్స్ నార తీస్తున్నాను. కట్టలో అరవై నాలుగు ప్రశంసాపత్రాలున్నాయి. ఒక్కోదాని మీద ఒక పేరు, ఒక హోదా, కింద రెండు వరుసల పొగడ్త రాయాలి. రెండు నిమిషాలన్నది ఆయన వైపు నుంచి అబద్ధం కాదు. కట్ట తెచ్చి బల్ల మీద పెట్టడానికి సరిగ్గా అంతే పడుతుంది.

“ఎప్పటికి కావాలి?” అన్నాను.

“తొందరేం లేదు. ఎల్లుండి.”

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నాకు నాలుగు దస్తూరీలు అలవాటయ్యాయి. అత్తగారి వేళ్ళు వణకడం మొదలైన దగ్గర్నుంచి ఆవిడ తన చెల్లెలికి రాసే ఉత్తరాలు నేనే రాస్తున్నాను. అవి ఆవిడ రాతలోనే, కొంచెం వెనక్కి వాలి ఉండాలి. లేకపోతే “ఎవరో పరాయివాళ్ళు రాసినట్టుందే అమ్మాయ్” అని మళ్ళీ రాయిస్తారు. మా అమ్మాయి ఇప్పుడు హాస్టల్లో ఉంది కానీ, బడికెళ్ళే రోజుల్లో దాని ప్రాజెక్టు చార్టులన్నీ పదేళ్ళ పిల్ల రాతలో, అక్కడక్కడ కావాలని ఒక కొట్టివేత పెట్టి రాసేదాన్ని. ఆయన సెలవు చీటీలు ఆయన గిలుకుడు రాతలో రాసేదాన్ని. ఇక నాలుగోది ఈ ఆఫీసు పత్రాల రాత. గుండ్రంగా, నింపాదిగా, ఒక్క అక్షరం ఇంకో అక్షరం మీద పడకుండా ఉంటుంది. అది ఎవరి రాతో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆఫీసులో మాత్రం అది ఎవరిదో అందరికీ తెలుసు. ఆ పత్రాలు పంచిన సభకి నేనూ వెళ్ళాను. పలహారం పళ్ళెంతో నిలబడి ఉంటే వాళ్ళ టైపిస్టు అమ్మాయి నా దగ్గరికి వచ్చి, తన పత్రాన్ని గుండెకి ఆనించుకుని, “మీ వారి చేతిరాత చూస్తే కళ్ళకద్దుకోవాలనిపిస్తుందండీ. ఎంత అదృష్టవంతులో మీరు!” అంది. ఆయన పక్కనే ఉన్నారు. కాదనలేదు, అవుననలేదు. చిన్నగా నవ్వి, గ్లాసులో నీళ్ళు తాగారు. ఏళ్ళ తరబడి ఆ నవ్వుతోనే నెట్టుకొచ్చారని నాకు ఆ క్షణంలో అర్థమైంది.

దారిలో అడిగాను. “ప్రతివాళ్ళకీ విడమరిచి చెప్పుకుంటూ కూర్చోవాలా?” అన్నారు. “ఇంటి సంగతే కదా. నువ్వు రాస్తే ఏంటి, నేను రాస్తే ఏంటి?”

‘అయితే మీరే రాయండి’ అన్న మాట నాకు ఇంటికొచ్చి గిన్నెలు సర్దుతుంటే తట్టింది. సరైన జవాబులు నాకెప్పుడూ గిన్నెల దగ్గరే తడతాయి. అప్పటికి అడిగినవాళ్ళు పడుకుని ఉంటారు.

మరో పది రోజులకి అత్తగారి నవలలు తిరిగి ఇవ్వడానికి లైబ్రరీకి వెళ్ళాను. నోటీసు బోర్డులో, పోయిన గొడుగు గురించిన ప్రకటనకీ పని వేళల కాగితానికీ మధ్య ఒక నోటీసు. ‘అక్షరాలు అందంగా రాయడం నేర్పుతాము. ప్రతి శనివారం, రెండు నుంచి నాలుగు. పైగది.’ అంతే. చేత్తో రాసింది. అందులో ‘అ’ దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. వెడల్పు పాళీతో లాగిన గీత పైన దారంలా మొదలై, మెలి తిరిగి, పొట్ట దగ్గర వేలెడు లావై, మళ్ళీ సన్నబడి చివర్లో తోక ఊపింది. అక్షరానికి కూడా ఒళ్ళుంటుందని నలభై అయిదేళ్ళు వచ్చాక చూశాను. నా వెనక ఎవరో “కొంచెం జరుగుతారా” అనేదాకా అక్కడే ఉన్నాను.

శనివారం రెండింటికి ఇంట్లో నా అవసరం తక్కువ. భోజనాలయ్యాక ఆయన నిద్రపోతారు, అత్తగారు రేడియో పెట్టుకుంటారు. “లైబ్రరీకి వెళ్ళొస్తాను” అన్నాను. అది నిజమే.

పైగదిలో నాలుగు పొడుగు బల్లలు, ఒక నల్లబల్ల, కిటికీ పక్కన సిరా మరకలతో చేతులు కడుక్కునే తొట్టి ఉన్నాయి. నేర్పే ఆవిడ రిటైరైన డ్రాయింగు టీచరు. తెల్లజుట్టు, మోకాలికి పట్టీ. ముందు వచ్చినవాళ్ళు ఆవిణ్ణి సున్నాల టీచర్ అని పిలుస్తున్నారు, ఆవిడ ఎదుటే. నా పక్కన ఒక బస్సు కండక్టరు కూర్చుంది. బలమైన మనిషి, గొంతు ఇంకా బలమైంది. అవతలి పక్క బట్టలు కుట్టే ఆవిడ. మెడలో టేపు తియ్యడం మర్చిపోయి వచ్చింది.

“ముందు ఒక్క వాక్యం రాయండి. ఏదైనా సరే. మీ సొంత రాతలో,” అన్నారు టీచర్.

రాశాను. చూస్తే అక్షరాలు వెనక్కి వాలి ఉన్నాయి. అది అత్తగారిది. కొట్టేసి మళ్ళీ రాశాను. ఆయన సెలవు చీటీలా వచ్చింది. మూడోసారి ఎలా మొదలుపెట్టాలో తెలియక పాళీ గాల్లో పట్టుకుని కూర్చున్నాను. నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. ఇంట్లో ఏ గూట్లో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలను. నా రాత ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు.

టీచర్ వచ్చి నా కాగితం చూశారు. “సరే, ఇక సున్నాలు. మన అక్షరాలన్నీ అందులోంచే వస్తాయి. మూడు వారాలు సున్నాలే,” అన్నారు.

గంటసేపు సున్నాలు చుట్టాను. నా వెనక నిలబడి చూస్తున్న టీచర్ హఠాత్తుగా వంగి, ఒక సున్నా మీద వేలు పెట్టారు. ఎడమవైపు, పైకి వెళ్ళే మలుపులో చిన్న గంటు ఉంది. ఇంకోదాని మీద పెట్టారు. అక్కడే గంటు. కాగితం నిండా ప్రతి సున్నాకీ అదే చోట.

“ఇక్కడికొచ్చేసరికి మీ చెయ్యి ఆగుతోందమ్మా. ఎవరు పిలుస్తున్నారు?”

ఆవిడ మామూలుగానే అడిగారు. నాకు మాత్రం ఒక్కసారిగా ఇంటి చప్పుళ్ళన్నీ వినిపించాయి. అమ్మాయ్, కుళాయి కట్టేశావా. ఏమోయ్, నా కళ్ళజోడు చూశావా. అమ్మా, పిన్నీసు. ఇన్నేళ్ళుగా నేను ఏ గీతనీ ఒక్క ఊపిరిలో పూర్తి చెయ్యలేదు. ఎవరో పిలుస్తారని చెయ్యి ముందే ఆగడం నేర్చుకుంది.

“మీది ఒక్కచోటే నయం అక్కా,” అంది కండక్టరు తన కాగితం చూపిస్తూ. “నాది చూడండి, ప్రతి స్టాపులోనూ ఆగింది.”

గది గదంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. ఎంతసేపయినా ఎవరూ నన్ను ఎందుకని అడగలేదు.

ఆ తర్వాతి రోజులు నా జీవితంలో ఎంత బాగున్నాయో చెప్తే, సున్నాలు చుట్టుకోవడంలో అంత ఏముంది అంటారు. వంటగట్టు తుడిచాక తడివేలితో దాని మీద సున్నా. కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరిలో సున్నా. దుప్పటి మడత పెడుతూ దాని మీద వేలితో సున్నా, నిశ్శబ్దంగా. మూడు వారాలయ్యాక తలకట్లు ఇచ్చారు, ఆ తర్వాత గుడులు, కొమ్ములు. కొమ్ము లాగేటప్పుడు పాళీ కాగితం మీద చేసే ‘సర్ర్’ మన్న చప్పుడు కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని. వేళ్ళకి సిరా అంటుకుని ఇంటికి వస్తే అత్తగారు ముక్కు మీద వేలేసుకున్నారు.

“ఈ వయసులో అక్షరాలు దిద్దడమేమిటే అమ్మాయ్? ఎవరైనా వింటే నువ్వు చదువుకోలేదనుకుంటారు.”

“చదువుకున్నాను అత్తయ్యా. రాయడమే ఇప్పుడు నేర్చుకుంటున్నాను.”

ఈ జవాబు మాత్రం గిన్నెల దాకా ఆగకుండా అప్పుడే వచ్చింది. ఆవిడ, “సరేలే, ఆ సిరా గోడలకి పూయకు,” అన్నారు.

ఒక మధ్యాహ్నం పెరటి మెట్టు మీద కూర్చుని రాసుకుంటున్నాను. పైనుంచి మొదలుపెట్టి, ఎడమ మలుపు ఎక్కి, మొదలైన చోటికి వచ్చి కలిసింది గీత. గంటు లేదు. పక్కన ఇంకోటి చుట్టాను. అదీ లేదు. నీళ్ళ తొట్టిలో చందమామలా ఉంది. అలా చూస్తూ ఉండగా అత్తగారు కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

“మూడుసార్లు పిలిచాను. బకెట్టు నిండి నీళ్ళు వసారాలోకి వస్తున్నాయి. వినపడలేదా?”

“లేదత్తయ్యా,” అన్నాను. నిజంగానే వినపడలేదు. వసారా అంతా తుడుస్తూ ఎంత సంతోషించానో!

ఏడాది దాటాక ఒక శనివారం టీచర్ నన్ను ఆగమన్నారు. ఆవిడకి కంటి ఆపరేషను. రెండు నెలలు పుస్తకం వైపు చూడకూడదన్నారు డాక్టర్లు. “వచ్చే వారం కొత్తవాళ్ళు చేరుతున్నారు. వాళ్ళ క్లాసు మీరు తీసుకోవాలి,” అన్నారు.

“నేనా? నేనింకా నేర్చుకుంటున్నాను కదండీ.”

“నేనూ అంతే. సున్నా ఎక్కడ ఆగుతుందో మీకు తెలుసు. వాళ్ళకి కావలసింది అదే.”

ఇంట్లో చెప్పాలని అనుకుంటూనే రెండు రోజులు గడిచాయి. ఎలా మొదలుపెట్టినా మధ్యలో ఎవరో ఒకరికి ఏదో ఒకటి కావలసి వచ్చేది. మంగళవారం ఆయన ఆఫీసు నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు.

“కొంప మునిగింది. శిక్షణ విభాగం వాళ్ళు స్టాఫుకి చేతిరాత క్లాసు పెడుతున్నారట. రెండు గంటలు. నన్ను చెప్పమన్నారు.”

“మిమ్మల్ని ఎందుకు?” అన్నాను, తెలిసే.

ఆయన బూటు లేసు వైపు చూశారు. “ఆ టైపిస్టు అమ్మాయి ఉందే, పనిగట్టుకుని నా పేరు రాసిచ్చింది. అయ్యేది పై బుధవారం. ఇంకా ఎనిమిది రోజులుంది. నాకు నేర్పెయ్.”

“ఎనిమిది రోజుల్లోనా?”

“పోనీ ఇలా చేద్దాం. పది చార్టుల మీద నువ్వు పెన్సిల్‌తో సన్నగా రాసిపెట్టు. అక్కడ వాళ్ళ ముందు నేను దాని మీద సిరాతో దిద్దేస్తాను. దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది?”

కొట్టిపారేయాల్సిన మాటే. కానీ నేను లేచి వెళ్ళి పెన్సిల్ తెచ్చాను. ఇరవై మూడేళ్ళ అలవాటు, నా కన్నా ముందు నా చెయ్యి లేచింది. ఒక చార్టు మీద నాలుగు అక్షరాలు రాసి, నా పాళీ ఇచ్చాను. ఆయన దాన్ని మేకు బిగించేవాడిలా పట్టుకుని మొదలుపెట్టారు. సన్నగా ఉండాల్సిన చోట లావు, లావుండాల్సిన చోట సన్నం. మలుపు దగ్గర చార్టు చిరిగింది.

“పాళీ పాడైనట్టుంది,” అన్నారు.

వరండాలోంచి అత్తగారి గొంతు వచ్చింది. “పాళీనేం అనకు. నీ రాత నాకు తెలియదా? పదో తరగతిలో నీ పేపరు దిద్దలేక మీ మాస్టారు నిన్నే పిలిపించి చదివించుకున్నాడు.”

“నువ్వు రేడియో వినవే అమ్మా!”

ఆ చిరిగిన చార్టు వంక చూస్తుంటే నాకు భయం పట్టుకుంది. ఆయన అల్లరిపాలవుతారని కాదు. అవ్వరేమోనని. ఎలాగో నెగ్గుకొస్తారేమో, నా పెన్సిల్ గీతలు ఆయన సిరా కింద మరో పదేళ్ళు కనపడకుండా ఉండిపోతాయేమోనని. ఇన్నాళ్ళకి దొరికిన రాత. దాన్ని కూడా సంచిలో పెట్టి పంపించెయ్యాలా? పెన్సిల్ డబ్బాలో పెట్టేశాను.

“ఇలా అయితే రాదు. శనివారం లైబ్రరీలో కొత్తవాళ్ళకి క్లాసు మొదలవుతోంది. మీరూ రండి.”

“నీతో పాటు కూర్చోవాలా?” అన్నారు ఆయన. “ఆ టీచరు ఎలాంటి మనిషి?”

“కొంచెం ఖచ్చితమైన మనిషి.”

“కోప్పడుతుందా?”

“సున్నా వంకరపోతే,” అన్నాను.

శనివారం నేను ముందు వెళ్ళి కుర్చీలు వేసి, సిరాబుడ్లు సర్ది, పదిహేను మందికి కాగితాలు పంచిపెట్టాను. కండక్టరూ, బట్టలు కుట్టే ఆవిడా సాయానికి వచ్చారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి చివరి వరసలో, తలుపుకి దగ్గరగా కూర్చున్నారు. గడియారం రెండు దాటింది. ఆయన ముందుకు వంగి కండక్టరుని అడిగారు.

“టీచరు గారు ఇంకా రాలేదా అండీ?”

“వచ్చి అరగంటైంది సార్. ఆ కుర్చీ మీకు వేసింది ఎవరనుకున్నారు?”

నేను సుద్దముక్క తీసుకుని నల్లబల్ల దగ్గరికి వెళ్ళాను. ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆ మొహం చూస్తే నాకు నవ్వాపుకోవడం కష్టమైంది. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని, రొప్పుతూ, టైపిస్టు అమ్మాయి వచ్చింది. ముందు ఆయన్నే చూసింది.

“సార్! నోటీసు చూసి చేరదామని వచ్చాను. మీరే నేర్పుతున్నారా ఇక్కడ? ఒక్క మాటయినా చెప్పలేదేం!” అని, గదిలో అందరి వైపూ తిరిగింది. “మా సార్ రాత మీరు చూడలేదు. మా ఆఫీసులో ఇచ్చే పత్రాలన్నీ ఈయనే రాస్తారు. అచ్చు వేసినట్టుంటుంది.”

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన నా వైపు చూశారు.

ఆ చూపు నాకు బాగా తెలుసు. బంధువుల ముందు పేరు మర్చిపోయినప్పుడు, వస్తానన్న చోటికి వెళ్ళనప్పుడు, ఎవరి పుట్టినరోజో గుర్తులేనప్పుడు ఆయన ఇలాగే చూస్తారు. నేను వెంటనే అందుకుంటాను. ‘ఈయనకి ఒంట్లో బాగోలేదండీ, అందుకే రాలేకపోయాం.’ ‘ఈయనే గుర్తు చేశారండీ.’ ఇప్పుడు కూడా మాట నాలుక చివరిదాకా వచ్చింది. ‘సార్ సరదాగా చూడ్డానికి వచ్చారమ్మా’ అంటే చాలు, గండం గడిచిపోతుంది. నేను సుద్దముక్క రెండు చేతులతో పట్టుకుని ఊరుకున్నాను. కోపంతో కాదు. ఆయన వాక్యం ఆయన పూర్తి చేసేదాకా ఆగాలని.

“నేను రాయలేదమ్మా,” అన్నారాయన. “ఒక్కటి కూడా. అన్నీ ఆవిడే రాసింది. సంచిలో పెట్టుకుని మోసుకొచ్చింది మాత్రం నేనే.”

టైపిస్టు అమ్మాయి మొహం ఎర్రబడింది. “అయ్యో, మరి నేను ఆ రోజు మేడమ్‌తోనే... మీరు అదృష్టవంతులని...”

“తప్పేం లేదులే తల్లీ,” అంది కండక్టరు. “మనిషిని తప్పు చూశావంతే. అదృష్టం ఆయనది. రా, సీటుంది, కూర్చో.”

మొదట నవ్వింది ఆయనే. తలవంపుగా, చెవులు ఎర్రబడి, కానీ నవ్వారు. దాంతో గది తేలికపడింది. నల్లబల్ల మీద మోచేతి దాకా ఊపి ఇంత పెద్ద సున్నా చుట్టాను.

“మూడు వారాలు ఇదే,” అన్నాను. “విసుగొస్తుంది. ఓర్చుకోండి.”

ఆ రెండు గంటలూ ఎలా గడిచాయో తెలియదు. వరసల మధ్య తిరుగుతూ ఒకరి మణికట్టు తిప్పాను, ఒకరి కాగితం సరిచేశాను. నా మాట పదిహేను మంది ఆగి వింటున్నారు. నేనేమో ‘కొంచెం’, ‘వీలైతే’, ‘ఏమీ అనుకోకుండా’ అనే మాటలు లేకుండా మాట్లాడుతున్నాను. ఆయన వరస వచ్చింది. సున్నాలన్నీ బంగాళాదుంపల్లా ఉన్నాయి. చొక్కా జేబు మీద సిరా.

“పాళీని పట్టుకోండి, దాని పీక పట్టుకోకండి,” అన్నాను.

“సరేనండీ,” అన్నారు, తల ఎత్తకుండా.

పెళ్ళయ్యాక ఆయన నన్ను ‘అండీ’ అనడం అదే మొదలు. అలా అన్నట్టు ఆయనకే తెలియలేదు. నాలిక బయటపెట్టి, బడిపిల్లాడిలా తర్వాతి బంగాళాదుంప చుట్టడంలో పడ్డారు. ఆయన అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి నేను చూడలేదు. ఆ క్షణంలో ఆ మనిషి నాకు చాలా నచ్చాడు.

నాలుగింటికి అందరూ చేతులు కడుక్కుంటుంటే టైపిస్టు అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. “మేడమ్, బుధవారం మా ఆఫీసు క్లాసు మీరే తీసుకోవాలి. పేరు నేను మార్పిస్తాను.”

నేను నోరు తెరిచేలోగా ఆయన అందుకున్నారు. “వస్తుందిలే అమ్మా. బుధవారం ఆవిడకి పనేం ఉండదు.”

“బుధవారం కుదరదు,” అన్నాను. “శనివారాలు ఇక్కడే ఉంటాను. నేర్చుకోవాలనుకున్న వాళ్ళని ఇక్కడికి రమ్మనండి. కుర్చీలు ఇంకా ఉన్నాయి.”

ఆ అమ్మాయి సరేనంది. మెట్లు దిగి, వీధి మలుపు తిరిగాక ఆయన అడిగారు.

“బుధవారం నీకేం పనుంది?”

“ఏమీ లేదు,” అన్నాను. “అందుకే కుదరదన్నాను.”